బయానా తిరిగిచ్చే స్వేచ్ఛ: బందరు పనివారి నాలుగు శతాబ్దాలు



డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి స్మృతిలో మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. దేశం ఆయన్ను కాంగ్రెస్ చరిత్రకారుడిగా, 1939లో సుభాష్ చంద్ర బోస్‌పై అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన నాయకుడిగా, 1948లో అదే పదవిని చేపట్టిన పెద్దగా గుర్తుంచుకుంది. బందరు ఆయన్ను మరోలా గుర్తుంచుకోవాలి. గుండుగొలనులో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఈ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టిన మనిషి వైద్యాన్ని వదిలి, 1923లో ఒక బ్యాంకు పెట్టడానికి ఎందుకు పూనుకున్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఈ ఊరి పనివారి నాలుగు శతాబ్దాల చరిత్ర మన ముందుకు వస్తుంది. ఈనాటి నా ప్రసంగ విషయం అదే.

బందరు కథను రేవు కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఓడలు వచ్చిన రోజుల్లో వైభవం, అవి మళ్ళిపోయాక పతనం, మళ్ళీ వస్తాయన్న ఆశ. ఈ కథలో అబద్ధం లేదు గానీ, ఊరి జనం లేరు. నేను మీ ముందు ఉంచదలచిన వాదం ఒక్కటే. ఈ ఊరి పనివాడి బతుకును నిర్ణయించింది రేవుకు వచ్చిన ఓడల సంఖ్య కాదు. పని మొదలుకాక ముందే అతని చేతిలో పడిన సొమ్ము ఎవరిది, నచ్చనప్పుడు ఆ సొమ్మును తిరిగి ఇచ్చేసి మరొకరి దగ్గరికి పోగల వీలు అతనికి ఉందా లేదా అన్నదే నిర్ణయించింది. ఆ వీలున్న కాలంలో పనివాడు బేరమాడాడు. అది పోయిన కాలంలో రేవు కళకళలాడుతున్నా అతను అప్పులోనే ఉన్నాడు.

రేవు వెనక ఊళ్ళు

ప్రకృతి బందరుకు గొప్ప రేవును ఇవ్వలేదు. తీరం లోతు తక్కువ, అంతా బురద, మేట. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసుకుని నిలబడేవి. సరుకు, మనుషులు చిన్న పడవల మీద రావలసిందే. అయినా గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో తూర్పు తీరంలోని ప్రధాన రేవుల్లో ఇది ఒకటైంది. డచ్చివారు 1606లో అనుమతి తెచ్చుకుని ఇక్కడ కోఠీ పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు వచ్చారు. వీళ్ళందరికంటే ముందే పారశీక వర్తకులు, తెలుగు కోమట్లు ఇక్కడ వ్యాపారం సాగిస్తున్నారు.

ఇంతమందిని ఈ బురద తీరానికి రప్పించింది గుడ్డ. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్ళు కోరే రంగు గుడ్డలు చేతిలో ఉండాలి. ఆ గుడ్డలు కృష్ణా, గోదావరి డెల్టాల ఊళ్ళలో తయారయ్యేవి. ఎర్ర రంగుకు కావలసిన చిరివేరు ఈ తీరపు ఇసుక నేలల్లోనే పెరిగేది. నిజాంపట్నం దగ్గర దొరికే చిరివేరు మేలైనదని ఆనాటి ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ కూడా గుర్తించాడు. పత్తి లోపలి నేలల నుంచి వచ్చేది. ఇంటింటా ఆడవాళ్ళు నూలు వడికేవారు. సాలెలు, దేవాంగులు నేసేవారు. చాకళ్ళు ఉతికి చలువ చేసేవారు. అద్దకంవారు రంగులు దిద్దేవారు. పల్లెకారులు పడవల మీద ఓడకు చేర్చేవారు. పారశీకానికి ఒక రకం, అచేకు ఒక రకం, జావాకు ఒక రకం: ప్రతి రేవు రుచీ వేరు కాబట్టి ఏ గుడ్డ ఎక్కడికి పోతుందో నేతగాడికి ముందే తెలియాలి.

ఇంత పొడవైన పని గొలుసు కదలాలంటే ముందుగా డబ్బు కావాలి. నూలు కొనడానికి, మగ్గం మీద గుడ్డ దిగేదాకా ఇల్లు గడవడానికి నేతగాడి దగ్గర సొమ్ము ఉండేది కాదు. అందుకే వర్తకుడు దళారీ చేత ముందస్తు సొమ్ము పంపేవాడు. ఊళ్ళో దాన్ని బయానా అన్నా, అడ్వాన్సు అన్నా అసలు సంగతి ఒకటే: ఆరు నెలల తర్వాత చేతికి రాబోయే గుడ్డ ధర ఈవేళే ఖాయమైపోతుంది.

ఈ ముందస్తును మనం మొదటి నుంచీ సంకెలగానే ఊహించుకుంటాం. దక్షిణాది నేతపనిపై పరిశోధన చేసిన చరిత్రకారులు వేరే చిత్రాన్ని చూపించారు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో నేతగాడు తీసుకున్న ముందస్తును తిరిగి ఇచ్చేసి ఒప్పందం నుంచి తప్పుకోగలిగేవాడు. ఇచ్చిన వర్తకుడికి మాత్రం అంత సులువుగా వెనక్కి తగ్గే వీలు లేదు. పక్క వీధిలో డచ్చివారి దళారి, ఎదురుగా ఇంగ్లీషువారి దళారి, ఆ వెనక ఇరాన్ వర్తకుడి గుమాస్తా తిరుగుతున్న రోజుల్లో ఈ వీలుకు విలువ ఉంది. ధర నచ్చకపోతే మరొకరి సొమ్ముతో మొదటివాడి సొమ్ము తీర్చి, మగ్గాన్ని ఆ కొత్తవాడి వైపు తిప్పేవాడు.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. 1630ల నాటి కరువు ఈ తీరంలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. రేవు అధికారాన్ని వేలంలో పాడుకున్న హవల్దార్లు పనివారిని పిండారు. గొలుసు మొదట నిలబడి నూలు వడికిన స్త్రీకి దక్కింది అందరికంటే తక్కువ. ఆమెకు బయానా ఇచ్చినవాడూ లేడు, బేరమాడే వీలూ లేదు. అయినా ఒక కొలమానం మాత్రం అక్కడ దొరుకుతుంది: కొనేవాళ్ళు ఎక్కువై, తీసుకున్న సొమ్ము తిరిగిచ్చే హక్కు ఉన్నచోట పనివాడు తల ఎత్తుకున్నాడు.

కొనేవాడే ప్రభువైనప్పుడు

1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సేన బందరు కోటను ఫ్రెంచివారి నుంచి గెలుచుకుంది. మరి కొన్నేళ్ళకు ఉత్తర సర్కారులు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. మన పాఠ్య పుస్తకాలు దీన్ని రెండు ఐరోపా దేశాల యుద్ధంలో ఒక ఘట్టంగా చెబుతాయి. నేతగాడి గుమ్మం నుంచి చూస్తే జరిగింది ఇంకోటి. నిన్నటిదాకా కొనేవాళ్ళలో ఒకడైన వర్తకుడు ఈవేళ ప్రభువయ్యాడు. శిస్తు వసూలు చేసేదీ, గుడ్డ కొనేదీ, తగవు తీర్చేదీ ఒకే చేయి.

అప్పటి నుంచి ముందస్తు సొమ్ము స్వభావం మారింది. కంపెనీ బయానా ముట్టినవాడు మరొకరికి నేయకూడదన్న ఆంక్షలు వచ్చాయి. మగ్గాల మీద కాపలాకు బంట్రోతులను పెట్టారు. నాణ్యత సరిపోలేదని తిప్పి పంపిన గుడ్డ అప్పు ఖాతాలో చేరేది. సొమ్ము తిరిగిచ్చి తప్పుకునే దారి మూసుకుపోయింది. నేతగాళ్ళు ఊరుకోలేదు. మగ్గాలు ఆపారు, ఊళ్ళు విడిచి పోయారు, గుంపులుగా వెళ్ళి మొర పెట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర సర్కారు జిల్లాల్లో ఈ అలజడులు తరచుగా జరిగాయి. ఒకప్పుడు ఊరు విడిచిపోతానన్న మాట బేరానికి పనికొచ్చేది. ఎటు వెళ్ళినా అదే కంపెనీ ఉన్నప్పుడు ఆ మాటకు బలం పోయింది.

1813 చట్టం ఇండియాతో వ్యాపారంపై కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం నుంచే తప్పుకుంది. ఇంతలో మాంచెస్టర్ మిల్లు గుడ్డ వచ్చిపడింది. బలవంతంగా కొన్న పెద్ద కొనుగోలుదారు వెళ్ళిపోయాడు. అతని నీడలో ఎండిపోయిన చిన్న కొనుగోలుదారులు మళ్ళీ చిగురించలేదు. అదే సమయంలో 1832-33లో పక్కనున్న గుంటూరు సీమను డొక్కల కరువు కబళించింది. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారాయి, డెల్టాలో వరి పండింది, బందరు కాలువ మీద ధాన్యం పడవలు నడిచాయి. మగ్గం మీద బతుకు గడవనివారిలో చాలామందికి పొలం కూలి దిక్కైంది.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఊరిని, చుట్టుపక్కల పల్లెలను ముంచేసింది. సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. మన పెద్దలు బందరు పతనాన్ని ఆ రాత్రి నుంచే లెక్కపెట్టేవారు. ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ సముద్రం కూల్చిన ఊళ్ళు మళ్ళీ లేవడం మనం చూశాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత దివిసీమా లేచింది. లేవడానికి చేతిలో సొమ్మూ, ఆ సొమ్ముపై తమదైన అధికారమూ కావాలి. 1864 నాటికి బందరు పనివారికి ఆ రెండూ లేవు. 1866లో ఊరికి మునిసిపాలిటీ వచ్చింది. వీధి దీపాలు, కాలువలు మునిసిపాలిటీ చూసుకోగలదు; బయానా ఎవరిస్తారన్నది దాని చేతిలోని పని కాదు.

చదువు, పత్రిక, పద్దు

ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలో ఈ ఊళ్ళో జరిగినది ఆంధ్ర దేశంలో మరే మధ్యతరహా పట్టణంలోనూ అంత దగ్గర దగ్గరగా జరగలేదని నా నమ్మకం. 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గార్లు కృష్ణా పత్రిక ప్రారంభించారు. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని నడిపారు. 1908లో బెజవాడ నుంచి రైలు వచ్చింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి గార్ల పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. పట్టాభి గారు 1915లో జిల్లా సహకార బ్యాంకుకు, 1923లో ఆంధ్రా బ్యాంకుకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సుకు మూలపురుషులయ్యారు. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఇక్కడే పుట్టి, బడుల ప్రయోగశాలలకు పరికరాలు తయారు చేసింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. కటకాలు సానపట్టే ఆ పనితనం ఈనాటికీ ఈ ఊళ్ళో రక్షణ దళాలకు కావలసిన దృశ్య పరికరాల తయారీగా కొనసాగుతోంది.

వీటిని విడివిడిగా చూస్తే దేశభక్తుల సత్కార్యాల జాబితా అవుతుంది. కలిపి చూస్తే అందులో ఒక ఆలోచన కనిపిస్తుంది. జాతీయ కళాశాలలో సాహిత్యం, చరిత్రతో పాటు నేత, తివాచీ పని, చిత్రకళ, యంత్రవిద్య నేర్పారు. ప్రమోద కుమార చటర్జీ వంటి చిత్రకారుడు ఇక్కడ పాఠం చెప్పారు. అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకుని, తర్వాత ఇదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. చేతిపనిని చదువు పక్కన కూర్చోబెట్టడం మొదటి అడుగు. ధరలు, చట్టాలు, దేశ వ్యవహారాలు తెలుగులో చదువుకునే వీలు కల్పించడం రెండవది. సొమ్ము ఊళ్ళోనే పోగై ఊళ్ళోనే తిరిగే ఏర్పాటు మూడవది.

ఆంధ్రా బ్యాంకు లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో 1923 నవంబరు 28న లావాదేవీలు మొదలుపెట్టింది. ఆనాటి లెక్కల్లోనూ పెద్ద మొత్తం కాదు. దాని అర్థం మాత్రం పెద్దది. రైతుకు, చిన్న వర్తకుడికి అప్పుకోసం వెళ్ళడానికి షావుకారి గుమ్మం కాక ఇంకొక గుమ్మం దొరికింది. మొదటివాడి బాకీ తీర్చి రెండోవాడి దగ్గరికి పోగల ఆ పాత వీలును, మూడు విదేశీ కంపెనీల పోటీ పుణ్యమా అని కాక, మన సంస్థల ద్వారా తిరిగి నిలబెట్టడం ఇది. పట్టాభి గారు బ్యాంకు ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం ఇదే. స్వరాజ్యం అంటే అప్పు తీర్చి బయటపడగల స్తోమత కూడా అని ఆ తరం గ్రహించింది.

స్మారకోపన్యాసం స్తుతిపాఠం కాకూడదు. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. భూమి ఉన్న డెల్టా రైతు ఆ గుమ్మం ఎక్కగలిగాడు; మగ్గం తప్ప ఆస్తి లేని నేతగాడు, వల తప్ప ఆస్తి లేని పల్లెకారు చాలావరకు గుమ్మం బయటే ఉండిపోయారు. సహకార సంఘాలు ఆ లోటు పూడ్చడానికి వచ్చాయి. కొన్ని నిలిచాయి, చాలా నీరసించాయి. బ్యాంకు పెద్దదై, ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు చేరింది. 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినందుకు బాధపడ్డవాళ్ళం ఉన్నాం. ఆ పేరు ఉన్న రోజుల్లోనే దాని మొదటి ఉద్దేశంలో ఎంత మిగిలిందన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఈనాటి మూడు వీధులు

ఇప్పుడు ఊళ్ళోకి నడుద్దాం. పెడనలో కలంకారీ అచ్చు వేసే షెడ్డు. పొడవాటి బల్ల మీద కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా పరిచి ఉంటుంది. కార్మికుడు నిలబడే పని చేస్తాడు. టేకు దిమ్మెను రంగు తట్టలో అద్ది, గుడ్డ మీద గురి చూసి పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. పక్క అచ్చు దీని అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నలుపు, పటికతో ఎరుపుకు పునాది. తర్వాత పారే నీటిలో జాడింపు, రాగి కాగులో ఉడికింపు. నిలవ నీటిలో జాడిస్తే రంగు పక్కకు పాకుతుంది. కాలువలో నీళ్ళు కట్టేసిన రోజుల్లో పని ఆగుతుంది. కార్మికుడికి మీటరు లెక్కన కూలి కాబట్టి ఆ రోజులకు కూలి లేదు. ఆ రోజుల్లో యజమాని ఇచ్చే అడ్వాన్సే ఇల్లు నడుపుతుంది. బజారులో స్క్రీన్ ప్రింటు గుడ్డ అదే పేరుతో తక్కువ ధరకు దొరుకుతుంటే యజమాని మాత్రం కూలి పెంచేది ఎక్కడి నుంచి?

చిలకలపూడిలో రోల్డుగోల్డు పని. ఇక్కడ ఒక గొలుసు ఒక ఇంట్లో తయారు కాదు. ఒక ఇంట్లో రాగి తీగ లాగుతారు, ఇంకో ఇంట్లో అచ్చులు కొడతారు, వేరొక చోట అతుకు పెడతారు, మరొక చోట బంగారు పూత. రాళ్ళు పొదిగే పని ఎక్కువగా ఆడవాళ్ళది. గుమ్మంలో వెలుతురుకు ఎదురుగా కూర్చుని, చిమటాతో ఒక్కొక్క రాయి ఎత్తి పెడతారు. లెక్క నగకింత. ఆనాడు నూలు వడికిన స్త్రీ ఎక్కడ ఉందో, ఈనాడు రాళ్ళు పొదిగే స్త్రీ దాదాపు అక్కడే ఉంది: పని గొలుసులో తప్పనిసరి, ధర మాటలో మాత్రం కనబడదు. పోతేపల్లిలో జ్యువెలరీ పార్కు ఏర్పడింది. షెడ్లు, కరెంటు, రోడ్డు అవసరమే. వాటితో పాటు ఆమె పేరు మీద ఒక ఖాతా, ఒక పద్దు ఉన్నాయా అని కూడా అడగాలి.

గిలకలదిండిలో మరబోట్లు. మొగ దగ్గర మేట వేయడం వల్ల బోటు పోటు కోసం కాచుకోవాలి. పాటు వేళ వస్తే వేట సరుకు ఐసులోనే నీరుగారుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వలలు బాగు చేయించాలన్నా, ఇంజను విప్పించాలన్నా, నిషేధం ఎత్తేశాక డీజిలు, ఐసు నింపాలన్నా ఆ రోజుల్లోనే డబ్బు కావాలి. ఆ డబ్బు చాలాసార్లు చేపలు కొనే వ్యాపారి పెట్టుబడి. సొమ్ము ఇచ్చినవాడికే సరుకు పోయాలి. ఒడ్డున పాట జరిగినా, బాకీ ఉన్న బోటు సరుకుకు పాట పైకి పోదు. సరంగుకు, కలాసీలకు వాటా ఆ తగ్గిన ధరలోంచే వస్తుంది.

మూడు వీధుల్లోనూ యజమానిని దుర్మార్గుడిగా చూపించడం నా అభిమతం కాదు. కష్టకాలంలో పెళ్ళికి, జబ్బుకు ఆదుకునేదీ ఆయనే. ఆయనకూ పైన ఇంకొక పెద్ద ఊరి వ్యాపారి బాకీ ఉంటుంది. దోషం మనిషిది కాదు, ఏర్పాటుది. ఒకే చేయి అప్పూ ఇచ్చి, సరుకూ కొన్నప్పుడు ధర అతను చెప్పిందే అవుతుంది. 1759 తర్వాత కంపెనీ రాజ్యంగా చూసినదాన్నే ఈనాడు చిన్న కొలతలో వీధుల్లో చూస్తున్నాం.

రాబోయే రేవు

2011 జనాభా లెక్కల ప్రకారం 1,69,892 మంది ఉన్న ఈ పట్టణం కొత్త రేవు కోసం ఎదురుచూస్తోంది. 2008లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. ఇప్పుడు పనులు సాగుతున్నాయి. లోతైన రేవు రావడం మంచిదే. దాన్ని వద్దనే హక్కు, కారణం నాకు లేవు. అయితే రేవు వస్తే ఊరు బాగుపడుతుందన్న మాటను చరిత్ర పూర్తిగా సమర్థించదు. ఆధునిక రేవులో బొగ్గు, ఎరువులు, కంటైనర్లు యంత్రాల మీద దిగి, రైలు ఎక్కి, ఊళ్ళో ఆగకుండా వెళ్ళిపోగలవు. పదిహేడో శతాబ్దపు ఓడ పెడన గుడ్డ లేకుండా కదలలేదు. రేపటి ఓడ కదలగలదు. ఆనాటి రేవుకు పనివాడు అవసరం. ఈనాటి రేవుకు అతను అవసరమయ్యేలా మనం ఏర్పాటు చేయాలి.

ఆ ఏర్పాటు మూడు చోట్ల మొదలు కావాలని నా మనవి. మొదటిది అప్పు. మగ్గం, అచ్చు, వల, చేతిపని అనుభవం చూసి, తాకట్టు అడగకుండా పని పెట్టుబడి ఇచ్చే సంఘాలు కావాలి. వేట నిషేధానికీ, కాలువ కట్టేసే రోజులకూ సరిపడేలా వాయిదాలు ఉండాలి. పంట రైతుకు కాలాన్ని బట్టి అప్పు ఇచ్చే మనం మత్స్యకారుడికి, అద్దకం పనివాడికి ఇవ్వలేకపోవడానికి కారణం కనబడదు. రెండోది కొనుగోలు. గిలకలదిండి ఒడ్డున బాకీతో సంబంధం లేని బహిరంగ పాట, పెడన గుడ్డకు అసలు అద్దకమేదో తెలిపే గట్టి గుర్తింపు, చిలకలపూడి నగకు ఎగుమతి దారి. కొత్త రేవు గోదాముల్లో ఊరి సరుకుకు కొంత చోటు కేటాయించాలని మొదటి ఒప్పందాల్లోనే రాయించుకోవాలి. మూడోది చదువు. కటకాలు సానపట్టే చేయి, రాయి పొదిగే చేయి, అచ్చు చెక్కే చేయి ఈ ఊళ్ళో పక్కపక్క వీధుల్లో ఉన్నాయి. వాటిని ఒక కప్పు కింద కూర్చోబెట్టి పాఠంగా మలచిన సంస్థ 1910లో ఇక్కడ సాధ్యమైంది. ఈనాడు అసాధ్యమనడానికి మన దగ్గర ఆధారం లేదు.

ఇవి దానధర్మాలు కావు, రాయితీలు అంతకన్నా కావు. రాయితీ తీసుకున్నవాడు మళ్ళీ ఇంకొకరి దయ కోసం చూడాలి. తీసుకున్న సొమ్ము లెక్కగా తిరిగిచ్చి, ఇష్టమైనచోట తన పనితనాన్ని అమ్ముకోగలిగినవాడు ఎవరి దయా కోరడు. పట్టాభి గారి తరం ఆ పనిని భూమి ఉన్నవారి దాకా తెచ్చి వదిలింది. భూమి లేని చేతుల దాకా తీసుకుపోవడం మన వంతు. కొత్త రేవు తెరిచిన పదేళ్ళకు ఎన్ని లక్షల టన్నులు దిగాయో ప్రభుత్వం ఎలాగూ చెబుతుంది. ఎంతమంది పనివారు పాత బాకీ తీర్చి తమకు నచ్చిన ధరకు బేరమాడుతున్నారన్న లెక్కను ఈ ఊరి పౌరులు, ఈ ఊరి కళాశాలలు, ఈ ఊరి సంఘాలే తీయాలి, ఏటా ప్రకటించాలి. ఆ పద్దు రాయడం ఈ సభలోని విద్యార్థులు మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.